మన చెరువుకొచ్చిన కొత్త కొంగలు



ఈసారి పాఠం పిట్టల గురించి. "పిట్టల గొడవ మాకెందుకు, ఇంట్లో పని తక్కువయ్యిందా?" అనకండి. మా కేంద్రంలో కూడా ఇద్దరు ముగ్గురు మొదట అలాగే అన్నారు. తరవాత వాళ్ళే నోటు పుస్తకం పట్టుకుని చెరువు గట్టెక్కారు. ఎలా ఎక్కారో చెబుతాను.

మాది విజయనగరం జిల్లా. సముద్రానికి దగ్గర పల్లె. పోయిన మాఘమాసం మాట ఇది. రథసప్తమి వెళ్ళి వారం దాటింది. చలి తగ్గుతోంది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటోంది. మామిడి చెట్లు పూత మీదున్నాయి. మా ఆడవాళ్ళు కొందరు చెరువులో ఉపాధి పనికి వెళ్తున్నారు. పూడిక మట్టి తీసే పని.

ఆ రాత్రి బడికి ఒక అత్త ఆలస్యంగా వచ్చింది. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"పంతులమ్మా! మన సెరువులోకి కొత్త కొంగలొచ్చేయి. నాను ఈ ఊరు కాపరానికొచ్చి ముప్పయ్యేళ్ళు. ఎప్పుడూ సూడనేదు."

"ఎలాగున్నాయి అత్తా?"

"నా నడుం దాటి ఎత్తున్నాయమ్మా. జానెడు దాటి ముక్కు. పసుప్పచ్చ ముక్కు. తల మీద బొచ్చు నేదు, ఎర్రటి గుండు. ఒళ్ళు తెలుపు. ఎనకాల తోక కాడ మాత్రం గులాబీ రంగు. ఎవులో వసంతం సల్లినట్టుంది."

ఇంకేముంది! అందరూ పలకా పుస్తకం పక్కన పెట్టేశారు. ఒకావిడ, "అవి సైబీరియా పిట్టలు, పేపర్లో రాస్తారు" అంది. ఇంకొకామె, "తెలీని పిట్ట ఊళ్ళోకొస్తే కీడు" అంది. మూడో ఆమె, "కూర బాగుంటాదా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ కొంగ పేరేమిటో నాకూ తెలీదు. మా టీచరు ట్రైనింగులో పిట్టలంటే అట్టముక్కతో చిలక బొమ్మ చెయ్యడమే నేర్పారు. చెరువులో పిట్టని చూసి పేరు చెప్పడం ఎవరూ నేర్పలేదు.

మర్నాడు పొద్దున్న ఆరున్నరకి మేం అయిదుగురం గట్టు మీద కూర్చున్నాం.

కొంగలు కళింగ దగ్గర ఉన్నాయి. నీళ్ళు పల్చగా ఉన్న చోటు అది. లెక్కపెట్టాం. పదకొండు. మాట్లాడకుండా, కదలకుండా కూర్చుంటే అవి మమ్మల్ని పట్టించుకోలేదు. అత్త చెప్పినదంతా నిజమే. గుండె మీద అడ్డంగా ఒక నల్లటి పట్టీ కూడా ఉంది. ఆమె ఇది చెప్పడం మరిచిపోయింది.

అవి చేప పట్టే తీరు చూడాలి. మన తెల్లకొంగ నీళ్ళలోకి చూస్తూ నిలబడి, చేప కనిపిస్తే పొడుస్తుంది. ఈ కొంగ అలా కాదు. ముక్కు సగం తెరిచి నీళ్ళలో ముంచుతుంది. అలా ముంచే నడుస్తుంది. ఒక కాలితో అడుగున బురద కదుపుతుంది. బెదిరిన పరిగె పిల్లో, మట్టగిడసో ముక్కుకి తగిలిందా, టక్కున మూసేస్తుంది. కంటితో వేట కాదు, తాకిడితో వేట. చీకట్లో ఇంట్లో అగ్గిపెట్టె వెతుక్కుంటాం చూడండి, అలాగ.

ఇంకో వింత. గంటసేపు కూర్చున్నా ఒక్క అరుపు లేదు. ఈ జాతిలో పెద్ద కొంగలకి గొంతు పలకదు. గూటి దగ్గర ముక్కులు టకటక కొట్టుకుని పలకరించుకుంటాయి. పిల్లలు మాత్రం గోల పెడతాయి.

ఫోనులో ఫోటో తీసి, హైస్కూల్లో సైన్సు చెప్పే మేష్టారికి చూపించాను. "ఎర్రకాళ్ళ కొంగ" అన్నారు. "కాళ్ళు తెల్లగా ఉన్నాయి కదండీ" అన్నాను. "ఎరుపే. ఎండ ఎక్కువైతే అది తన కాళ్ళ మీదే రెట్ట వేసుకుంటుంది. ఆ తడికి ఒళ్ళు చల్లబడుతుంది. రెట్ట ఆరి తెల్లగా కనిపిస్తోంది" అన్నారు. ఈ మాట రాత్రి బడిలో చెప్తే ఒక పావుగంట పాఠం సాగలేదు.

మేష్టారు ఫోటోలో ఇంకోటి చూపించారు. పదకొండులో నాలుగు కొంగలు మాసిన గోధుమ రంగులో ఉన్నాయి. గులాబీ ఈకలు లేవు. అవి పిల్లలు. ఆ ఏడాదే గుడ్డులోంచి వచ్చినవి. అంటే అవి పుట్టి ఇంకా అయిదు నెలలు కూడా కాలేదు. మరి ఎక్కడ పుట్టాయి?

"శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది. వెళ్ళి చూడండి" అన్నారు మేష్టారు.

తేలినీలాపురం

ఆ ఆదివారం ఏడుగురం బయల్దేరాం. రైల్లో నౌపడ దిగాం. అక్కడ దారి పొడుగునా ఉప్పు మడులు. తెల్లటి ఉప్పు కుప్పలు. ఆ పక్కన సముద్రపు పోటు నీరు ఎక్కే తంపర భూములు. చేపలకీ రొయ్యలకీ అవి పుట్టిల్లు. అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని తేలినీలాపురం వెళ్ళాం. అది టెక్కలి మండలం.

పక్షులంటే ఎక్కడో అడవిలో ఉంటాయనుకున్నాం. ఊళ్ళోనే ఉన్నాయి! చింతచెట్ల మీద, ఇళ్ళ పక్కనే. ఒక్కో చెట్టు మీద పుల్లలతో కట్టిన గూళ్ళు ఎన్నో. కింద ఆడవాళ్ళు చాటలో బియ్యం చెరుగుతున్నారు. పైన కొంగలు పిల్లలకి మేత పెడుతున్నాయి. వాసన మాత్రం చెప్పొద్దు. చేపల బుట్ట బోర్లించినట్టుంది. ఆ ఊరివాళ్ళు ఆ వాసనే భరిస్తున్నారు, ఆ గోలే భరిస్తున్నారు. పక్షులొస్తే ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం. వాటిని కొట్టరు, కొట్టనివ్వరు.

అక్కడ రెండు జాతులు గూళ్ళు పెడతాయి. ఒకటి మన ఎర్రకాళ్ళ కొంగ. రెండోది గూడబాతు. దీన్ని మీరు చూడకపోతే ఒకసారి తప్పక చూడాలి. నాలుగైదు కిలోల బరువు. రెక్కలు చాపితే ఏడెనిమిది అడుగులు. పొట్టి కాళ్ళు. ముక్కు కింద సంచీ! ఆ సంచీలో నీళ్ళతో సహా చేపల్ని తోడేస్తుంది. నీళ్ళు వదిలేసి చేపని మింగుతుంది. పిల్లకి ఆకలేస్తే తల్లి సంచీలోకి తలదూర్చి తింటుంది. సగం ఒళ్ళు లోపలే. మాతో వచ్చిన ఒకమ్మ, "అయ్యో, పిల్లని మింగేత్తంది!" అని కేకపెట్టింది.

ఈ పక్షులు అక్కడికి ఎప్పుడు వస్తాయి? వానాకాలం చివర, సెప్టెంబరు అక్టోబరు నెలల్లో. గూడు కడతాయి. గుడ్లు పెడతాయి. మూడు, నాలుగు గుడ్లు. సుమారు నెల రోజులు పొదుగుతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ పొదుగుతాయి, ఇద్దరూ మేత తెస్తాయి. మధ్యాహ్నం ఎండ పిల్లల మీద పడితే పెద్ద కొంగ రెక్కలు విప్పి గొడుగులా నిలబడుతుంది. అలా గంటలు గంటలు. ఇది మేం కళ్ళారా చూశాం. ఎర్రకాళ్ళ కొంగ పిల్ల రెండు నెలలకి ఎగురుతుంది. గూడబాతు పిల్లకి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలలకి చెట్లు ఖాళీ.

ఆ నెలలే ఎందుకు? ఇక్కడే తెలివంతా ఉంది. పిల్ల బాగా పెరిగే వయసులో రోజుకి అర కిలో దాకా చేప కావాలి. గూట్లో ముగ్గురు పిల్లలుంటే ఎంత కావాలో మీరే లెక్క వేసుకోండి. వానలప్పుడు చేపలు పెద్ద నీళ్ళలో చెదిరి ఉంటాయి. పుష్యం, మాఘం వచ్చేసరికి నీళ్ళు తగ్గుతాయి. చేపలన్నీ పల్చటి నీళ్ళలోకి చేరతాయి. పట్టడం సులువు. సరిగ్గా పిల్లల ఆకలి పెరిగిన రోజులకి చెరువులు పల్చబడతాయన్న మాట. ఎగరడం వచ్చిన పిల్లలు పెద్దవాటితో కలిసి మేతకి చెదిరిపోతాయి. ఊరూరా చెరువులు వెతుక్కుంటాయి. అందుకే మాఘ ఫాల్గుణ మాసాల్లో మన చెరువుల్లో ఉన్నట్టుండి కొత్త కొంగలు కనిపిస్తాయి.

మా చెరువుకొచ్చిన పదకొండూ తేలినీలాపురానివే అని ఒట్టేసి చెప్పలేను. వాటి కాళ్ళకి ఉంగరాలు లేవు. పిట్టల్ని చదివేవాళ్ళు కొన్నిటిని పట్టి, కాలికి నంబరున్న ఉంగరం తొడిగి వదిలేస్తారు. ఇంకో చోట ఆ నంబరు కనిపిస్తే అది ఎక్కడిదో తెలుస్తుంది. చూశారా, పిట్టకి కూడా అంకెలు రాసి పెడితేనే దాని ఊరు తెలుస్తోంది.

సైబీరియా పిట్టలేనా?

ఇప్పుడు ఒక మాట గట్టిగా చెప్పాలి. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ సైబీరియా నించి వస్తాయని చాలామంది అంటారు. పేపర్లలో కూడా రాస్తారు. అది తప్పు.

సైబీరియా అంటే రష్యా దేశంలో మంచు ప్రాంతం. మనకి ఎన్నో వేల కిలోమీటర్ల దూరం. అక్కడ ఈ రెండు జాతులూ ఉండవు. మన దేశం, శ్రీలంక, ఇంకా తూర్పున కంబోడియా లాంటి చోట్లే ఇవి బతుకుతాయి. గూడు ఇక్కడే కడతాయి. గుడ్డు ఇక్కడే పెడతాయి. పిల్ల ఇక్కడి చింతచెట్టు మీదే కళ్ళు తెరుస్తుంది. నీళ్ళని బట్టి ఒక జిల్లా నించి ఇంకో జిల్లాకి, ఒక రాష్ట్రం నించి ఇంకో రాష్ట్రానికి తిరుగుతాయి. అంతే.

సైబీరియా వైపు నించి వచ్చే పిట్టలు వేరే ఉన్నాయి. సూదిలాంటి తోక ఉన్న బాతులు ఉన్నాయి. అవి చలికాలంలో మన చెరువులకీ, చిలకా సరస్సుకీ వస్తాయి. చిలకాకి ఇంకో బాతు వస్తుంది. దాని తల మీద రెండు నల్లటి గీతలుంటాయి. అది మంగోలియా, టిబెట్టు నించి హిమాలయాలు దాటి వస్తుంది. ఆ బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు. చలి తప్పించుకోడానికి వచ్చి, ఎండలు ముదరకముందే వెళ్ళిపోతాయి. వాటిని చుట్టాలనండి, ఒప్పుకుంటాను.

ఎక్కణ్ణించి వస్తే ఏమిటి, పిట్ట పిట్టే కదా అంటారా? కాదు. చుట్టమైతే మన ఊళ్ళో ఇబ్బందిగా ఉంటే తన ఊరు పోతుంది. ఈ గూడబాతుకి వెళ్ళడానికి వేరే ఊరు లేదు. ప్రపంచంలో అంతరించే ప్రమాదానికి దగ్గర్లో ఉన్న పక్షుల పట్టికలో దాని పేరుంది. మన చింతచెట్లు కొట్టేస్తే, మన తంపరలు పూడ్చేస్తే అది సైబీరియా పోదు. ఎక్కడికీ పోలేదు.

రైల్లో తిరిగి వస్తూ ఈ మాట చెప్తే, మా అత్త కాసేపు ఆలోచించింది. "అయితే ఇది పురుడుకొచ్చిన ఆడపిల్ల కాదే. ఈ ఇంటి పిల్లే" అంది.

ఇలా పోగొట్టుకున్న ఊరు ఒకటుంది. పశ్చిమ గోదావరిలో ఆరేడు అని. 1940లలో అక్కడ చెట్ల నిండా గూడబాతుల గూళ్ళు. మనుషుల తాకిడి పెరిగింది. 1970ల మధ్యకి ఆ చెట్లు ఖాళీ అయిపోయాయి. చాలా ఏళ్ళ తరవాత కొల్లేరు దగ్గర ఆటపాకలో మళ్ళీ గూళ్ళు పెట్టాయి. ఆరేడుకి మాత్రం తిరిగి రాలేదు.

మన శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలంలో తేలుకుంచి అని ఇంకో ఊరుంది. అక్కడికి నత్తగుల్ల కొంగలు వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. దానితో నత్తగుల్లల్ని పట్టుకుంటుంది. ఇవి తొలకరికి వస్తాయి, చలికాలంలో వెళ్ళిపోతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన మీద పడింది. మన ఇళ్ళూ, కొబ్బరితోటలూ, జీడితోటలూ పోయాయి. ఆ రాత్రే తేలుకుంచిలో చెట్లు కూలి కొంగలూ చచ్చిపోయాయి. ఆ తుపానులో మనం మనుషుల లెక్కే చూసుకోలేకపోయాం, పిట్టల లెక్క ఎవరికి కావాలి?

తేలినీలాపురంలో ఇంకో కష్టం వచ్చింది. 2021 డిసెంబరు, 2022 జనవరి నెలల్లో గూడబాతులు చెట్ల మీంచి రాలి పడ్డాయి. వందకి పైగా చచ్చిపోయాయి. పరీక్ష చేస్తే ఒంట్లో పురుగులు కనిపించాయి. నులిపురుగుల జాతివి. తిన్న చేపల్లోంచి పట్టాయని తేల్చారు. చూడండి, నీరు పాడైతే చేప పాడు, చేప పాడైతే పిట్ట పాడు. ఆ నీళ్ళ గట్టునే మనమూ ఉన్నాం.

అందుకని ఇది గుర్తు పెట్టుకోండి. పిట్ట చచ్చి కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి. పిల్లల్నీ, కోళ్ళనీ, కుక్కల్నీ దగ్గరికి పోనివ్వకండి. పశువుల డాక్టరుకి గాని, అటవీశాఖ వాళ్ళకి గాని, సచివాలయంలో గాని చెప్పండి. రోగంతో చచ్చిందో, మందు తిని చచ్చిందో మనకి తెలీదు. అలాంటి దాన్ని వండుకోవడం మరీ ప్రమాదం.

చెరువు పాట పాడుకున్నాయన

మేం తిరిగొచ్చేసరికి ఊళ్ళో గొడవ. మా చెరువుని చేపలకి పాట పాడుకున్నాయన ఉన్నాడు. అప్పు చేసి చేప పిల్లలు వేశాడు. "నా సేపలన్నీ కొంగలు తినేత్తన్నాయి" అని టపాకాయలు తెచ్చాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. అప్పు ఆయనది, వడ్డీ ఆయనది. పక్కనున్న ఒకతను మాత్రం, "టపాకాయలెందుకు? గుళికలు కలిపి సేపలు పడేత్తే ఒక్క రోజులో తేలిపోద్ది" అన్నాడు.

గుళికలంటే పొలంలో పురుగుకి వేసే విషం. మా అత్త నోరు విప్పింది. "ఆ నీళ్ళు మన పసువులు తాగవా? మన గుంటలు ములగరా? ఆ సచ్చిన సేప కాకి తింటాది, కుక్క తింటాది. రేపు బజార్ల నీ సేపలెవులు కొంటారు?" చివరి మాట పని చేసింది. గుళికల ఊసు మళ్ళీ రాలేదు.

నేను కూడా ఒక మాట చెప్పాను. ఎర్రకాళ్ళ కొంగ ఈదలేదు. అది నడిచి మేసే పక్షి. దాని మోకాలు దాటి లోతుంటే అక్కడ మెయ్యదు. కళింగ దగ్గర జానెడు నీళ్ళలో ఉన్నవి పరిగెలు, పక్కెలు, మట్టగిడసలు. పాటదారు వేసిన పెద్ద చేపలు మదుం వైపు లోతులో ఉన్నాయి. అక్కడికి కొంగ పోదు. "మీకు కావాలంటే లోతు వైపు కాపలా పెట్టుకోండి. కళింగ మూల మాత్రం వదిలెయ్యండి" అన్నాం. ఆయన సరే అనలేదు, కాదనలేదు. "సూద్దాం" అన్నాడు. టపాకాయలు రెండు రోజులు కాల్చాడు. మూడో రోజు మానేశాడు. ఎందుకు మానేశాడో అడగలేదు. టపాకాయలు అయిపోయాయో ఏమో!

అడవి జంతువుల్నీ పక్షుల్నీ కాపాడడానికి మన దేశంలో 1972లో చట్టం వచ్చింది. ఈ కొంగల్ని చంపడం, గూళ్ళు పీకడం నేరం. ఆ సంగతి కూడా చెప్పాం. కాని చట్టం పేరు చెప్పి బెదిరించడం కన్నా, కూర్చుని మాట్లాడడమే మా ఊళ్ళో పని చేసింది.

ఒక పాత కాగితం కథ

చట్టం రాకముందే ఒక ఊరివాళ్ళు పక్షుల కోసం కాగితం రాయించుకున్నారు. తమిళనాడులో చెంగల్పట్టు జిల్లా, వేడంతాంగల్ ఊరు. అక్కడ చెరువులో చెట్ల మీద కొంగలు గూళ్ళు పెడతాయి. రెట్ట నీళ్ళలో పడుతుంది. ఆ నీరు పొలానికి పారితే ఎరువు వేసినట్టే. రైతులకి ఆ సంగతి తెలుసు. ఇంగ్లీషు సిపాయిలు వచ్చి సరదాకి కొంగల్ని కాల్చారు. ఊరివాళ్ళు ఊరుకోలేదు. కలెక్టరు దగ్గరికి పోయారు. ఎవరూ పక్షుల్ని కొట్టకుండా కాపాడుకునే హక్కు తమదని రాయించుకున్నారు. ఇది 1790ల చివరి మాట. ఆ కాగితాన్ని "కౌలు" అన్నారు. మనం పొలం కౌలు అంటామే, ఆ మాటే. ఆ మొదటి కాగితం పోయింది. వాళ్ళు మళ్ళీ వెళ్ళి 1858లో కొత్తది రాయించుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడు మా కేంద్రంలో అందరూ నెమ్మదిగా ఉన్నారు. చేతిలో కాగితం లేక భూమి పోగొట్టుకున్నవాళ్ళు మాలో ఇద్దరున్నారు.

మా నోటు పుస్తకం

అప్పుడు మేం ఒక పని మొదలుపెట్టాం. చెరువుకొచ్చిన పిట్టల్ని రాయడం. పన్నెండు రూపాయల లావు నోటు పుస్తకం కొన్నాం. గీతలు గీశాం. తేదీ, వేళ, చోటు, పిట్ట, ఎన్ని, ఏం చేస్తోంది, చూసినవారు. పేరు తెలీకపోతే రూపం రాయాలి. ముక్కు ఎలా ఉంది, కాళ్ళ రంగేమిటి, ఎంత ఎత్తు. కాకంతా, కోడంతా, నడుం దాకానా? ఊహించి రాయకూడదు. వందలో సగం కనిపిస్తే సగమే రాయాలి. ఇదొక్కటే కట్టుబాటు.

ఇలా లెక్కపెట్టేవాళ్ళు మనమొక్కరమే కాదు. ఆసియా దేశాల్లో 1987 నించి ప్రతి జనవరిలో నీటి పక్షుల్ని లెక్కపెడుతున్నారు. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ఇంకో లెక్క ఉంటుంది. ఎవరి పెరట్లో, ఎవరి చెరువు మీద వాళ్ళు కనీసం పావుగంట పిట్టల్ని చూసి లెక్క రాస్తారు. అది 1998లో అమెరికాలో మొదలైంది. 2013 నించి మన దేశంతో సహా ప్రపంచమంతా చేస్తోంది. చదువుకున్న పెద్దవాళ్ళే చెయ్యాలని లేదు. అంకెలు వస్తే చాలు. ఇలాంటి లెక్కలు ఏటేటా పక్కపక్కన పెట్టి చూస్తేనే ఏ పిట్ట తగ్గుతోందో, ఏ చెరువు పాడవుతోందో తెలుస్తుంది. "ఎనకటి రోజుల్ల సానా వొచ్చేవి" అంటే ఎవరూ వినరు. "ఫలానా ఏడు పదకొండు, మరుసటి ఏడు మూడు" అని తేదీతో చూపిస్తే వింటారు.

మొదటి పేజీ అత్త చేతే రాయించాం. అక్షరం అక్షరం కూడబలుక్కుని అరగంట రాసింది. ఆ పేజీ ఇలా ఉంది:

తేదీ: ఫిబ్రవరి 14.
వేళ: పొద్దున్న ఆరున్నర.
చోటు: మన సెరువు, కళింగ కాడ.
పిట్ట: ఎర్రకాళ్ళ కొంగ.
ఎన్ని: 11. పెద్దవి 7, పిల్లలు 4.
ఏం సేస్తంది: ముక్కు ముంచి నడుస్తంది. కాల్తో బురద కదుపుతంది.

"సెరువు" అన్న మాటని నేను దిద్దబోయాను. "మా సెరువు నాకు తెలీదా?" అంది అత్త. అలాగే ఉంచాం.

మార్చి 20 నాటికి పదకొండు కాస్తా మూడయ్యాయి. నెలాఖరుకి ఒక్కటీ లేదు. చెరువు ఎండిపోయింది కాబట్టి వెళ్ళాయి. ఆ పేజీలో "ఎన్ని" అన్న చోట సున్నా చుట్టాం. "నేనిదీ రాయాలా?" అని అడిగింది ఒకమ్మ. రాయాలి. సున్నా కూడా లెక్కే.

మీరు చెయ్యండి

రేపు పొద్దున్న మీ చెరువు దగ్గరో, పొలం గట్టు మీదో, పెరట్లోనో పావుగంట కూర్చోండి. కింద ఖాళీల్లో రాయండి. పెన్సిలుతో రాస్తే దిద్దుకోవచ్చు.

తేదీ: ................
వేళ: ................
చోటు: ................
పిట్ట పేరు, లేకపోతే రూపం: ................
ఎన్ని: ................
ఏం చేస్తోంది: ................
చూసినవారు (మీ పేరు మీరే రాయండి): ................

మీ ఊళ్ళో అరవయ్యేళ్ళు దాటిన అమ్మమ్మని ఒకరిని అడగండి. వాళ్ళ చిన్నప్పుడు మాఘమాసంలో చెరువుకి ఏ పిట్టలు వచ్చేవి? వాళ్ళు ఏ పేరుతో పిలిచేవారు? ఆ పేర్లు ఇంకో పేజీలో రాయండి. ఆ పేర్లు చాలా మటుకు పుస్తకాల్లో లేవు.